బోరు పాయింట్: కొబ్బరికాయా, రెసిస్టివిటీ సర్వేనా?

అరచేతిలో కొబ్బరికాయ నిటారుగా లేస్తే కింద నీరుందంటారు. నిజానికి కాయను లేపేది మనకే తెలియకుండా జరిగే చేతి కండరాల కదలిక. చుట్టూ కూర్చుని చేతులు పెడితే ‘ఆత్మలు’ బల్లను కదిలిస్తాయనేవాళ్లు; అదీ చేతి కదలికేనని 1853లో శాస్త్రవేత్త ఫారడే గుట్టు విప్పాడు. 1990లో జర్మనీలోని కాసెల్‌లో పుల్లలతో నీళ్లు చూసేవాళ్లకు పరీక్ష పెట్టారు. అర మీటరు లోతున పాతిన పైపులో నీళ్లు పారుతున్నాయో లేదో చెప్పాలి, అంతే. ఫలితం ఊరికే ఊహించి చెప్పినదానికి మించలేదు. మరి మా ఊళ్లో కొబ్బరికాయ పట్టే ఆయన చెప్పినచోట నీళ్లు పడ్డాయే అంటారా? పడని బోర్ల లెక్క ఎవరు రాశారు!

రెసిస్టివిటీ సర్వేలో నేలలోకి కరెంటు పంపి నిరోధం, అంటే నేల దాన్ని ఎంత అడ్డుకుంటుందో, కొలుస్తారు. నీరున్న పగుళ్ల రాయిలో అది తగ్గుతుంది. తడి బంకమట్టిలోనూ తగ్గుతుంది కాబట్టి ఇదీ గ్యారంటీ కాదు. అయినా నేనైతే దీనికే డబ్బు పెడతాను. తప్పితే ఎందుకు తప్పిందో రీడింగులు చూసి వెతకొచ్చు.