గింజ బరువా, గింజల సంఖ్యా: వరిలో ఏది మేలు?

వరి దిగుబడి పెంచాలనుకునే శాస్త్రవేత్తకు ప్రధానంగా రెండు దారులున్నాయి. ఉన్న గింజనే లావు చేయడం ఒకటి, కంకికి ఇంకా ఎక్కువ గింజలు పట్టించడం రెండోది. పిలకలు పెంచడమనే మూడో దారీ ఉంది కానీ, అది చాలావరకు నాటే దూరం, ఎరువుల మీద నడిచే వ్యవహారం. దాన్ని పక్కన పెడదాం.

ముందు లెక్క చూద్దాం. చదరపు మీటరుకు 300 కంకులు, కంకికి తాలు పోగా 100 గింజలు, వెయ్యి గింజల బరువు 23 గ్రాములు అనుకుంటే ఎకరాకు కాగితం మీద 28 క్వింటాళ్లు వస్తాయి. వెయ్యి గింజలు 15 గ్రాములే తూగితే, అదే 28 క్వింటాళ్లకు ప్రతి కంకిలో 153 నిండు గింజలుండాలి. మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన దొడ్డు రకం ఎంటీయూ 1010కీ, బాపట్ల కేంద్రం నుంచి వచ్చిన సన్న రకం సాంబ మసూరి అంటే బీపీటీ 5204కీ గింజ బరువులో తేడా ఇంచుమించు ఇంతే.

బరువు దారికి ఒక పెద్ద సుగుణం ఉంది: నిలకడ. వరి గింజ ఎంత లావవుతుందో పైనున్న పొట్టు నిర్ణయిస్తుంది. ఆ పొట్టు కొలత పూతకు ముందే ఖాయమైపోతుంది. ఆ తర్వాత ఎంత యూరియా చల్లినా గింజ పొట్టు దాటి పెరగదు. అందుకే వెయ్యి గింజల బరువు రకాన్ని బట్టే ఉంటుంది, పొలం మారినా పెద్దగా మారదు. ఎంపిక చేసేవాళ్లకు ఇంతకంటే సులువైన లక్షణం దొరకదు.

దీని వెనకున్న జన్యువులు కూడా ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. పొడవును అదుపు చేసే జీఎస్3ని 2006లో చైనాలోని వుహాన్ శాస్త్రవేత్తలు, వెడల్పును అదుపు చేసే జీడబ్ల్యూ2ని 2007లో షాంఘై వాళ్లు గుర్తించారు. ఈ రెండూ గింజను పెంచే జన్యువులు కావు, పెరగకుండా బ్రేకు వేసేవి. జీడబ్ల్యూ2లో ఒకే ఒక్క డీఎన్ఏ అక్షరం ఊడిపోతే ప్రోటీన్ మధ్యలోనే ఆగిపోతుంది, పొట్టులో కణాలు ఎక్కువై గింజ వెడల్పవుతుంది. మిగతా అంతా ఒకేలా ఉండి ఈ మార్పు మాత్రమే ఉన్న మొక్కల్లో గింజ బరువు దాదాపు సగం పెరిగింది. మరి దిగుబడి? మొక్కకు ఐదో వంతే పెరిగింది. ప్రధాన కంకిలో గింజలు దాదాపు 30 శాతం తగ్గిపోయాయి కాబట్టి. ఆకులు తయారుచేసే పిండిపదార్థం ఎంతో అంతే. దాన్ని కొన్ని పెద్ద గింజలు పంచుకోవాలి, లేదా చాలా చిన్న గింజలు పంచుకోవాలి. పైగా వెడల్పు గింజలో పొట్ట తెలుపు, అంటే సుద్దలాంటి తెల్ల మచ్చ ఎక్కువ. అలాంటి బియ్యం మిల్లులో నూకవుతుంది.

ఇక సంఖ్య దారి. 2005లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం బృందం హబటాకి, కోషిహికారి అనే రెండు రకాలను పోల్చి జీఎన్1ఎ అనే జన్యువును పట్టుకుంది. సైటోకైనిన్ అనే హార్మోన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌ను తయారుచేసేది ఇదే. ఆ ఎంజైమ్ తగ్గితే, కంకి రూపుదిద్దుకునే మొగ్గలో సైటోకైనిన్ పోగవుతుంది, పూలు ఎక్కువ పుడతాయి. గింజ ఆకారం జోలికి పోకుండానే సంఖ్య పెంచవచ్చన్నమాట. నాకు ఈ దారి నచ్చడానికి కారణం ఇదే. అన్నం సన్నగా ఉండాలని పట్టుబట్టే మన దగ్గర, గింజను లావు చేసి దిగుబడి చూపిస్తే కొనేదెవరు?

రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ చేసిందీ అదే. సాంబ మసూరిలోని ఈ జన్యువును ఎడిట్ చేసి తెచ్చిన డీఆర్ఆర్ ధాన్ 100, అంటే కమల రకాన్ని 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ప్రకటించారు. హెక్టారుకు సాంబ మసూరి 4.5 టన్నులిస్తే ఇది 5.37 టన్నులిస్తుందని, 15 నుంచి 20 రోజుల ముందే కోతకొస్తుందని సంస్థ మాట. ఆ ప్రయోగాల అంకెలపై అభ్యంతరాలూ వచ్చాయి. రైతు పొలాల్లో కొన్ని సీజన్లు గడిస్తే గానీ నేనైతే నమ్మను. అదే రోజు ప్రకటించిన పూసా డీఎస్‌టీ రైస్ 1ను ఎంటీయూ 1010 నుంచి తయారుచేశారు. కరువు, ఉప్పు నేలల కోసమని చెప్పిన ఆ రకంలో మార్చిన డీఎస్‌టీ జన్యువు కూడా ఇదే ఎంజైమ్‌ను నడిపించేది కావడం విశేషం.

సంఖ్య దారిలో అసలు టెన్షన్ గింజ నిండడం దగ్గర. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఒకప్పుడు తక్కువ పిలకలు, ఒక్కో కంకికి 200కు పైగా గింజలు అనే కొత్త మొక్కను రూపొందించింది. చూడ్డానికి కంకులు భారీగా ఉన్నా మొదటి తరం రకాలు దిగుబడిలో నిరాశపరిచాయి, గింజలు సరిగా నిండలేదు. అదీగాక సంఖ్య వాతావరణానికి తొందరగా లొంగుతుంది. పొట్ట దశలో నీళ్లు అందకపోతే ఏ జన్యువూ కాపాడలేదు.

బరువు పెరిగితే సంఖ్య తగ్గి తీరాలా? అలాగేం లేదని గోధుమ చెబుతోంది. చిలీలో ఎక్స్‌పాన్సిన్ అనే ప్రోటీన్‌ను లేత గింజలో పనిచేయించినప్పుడు గింజలు తగ్గకుండానే బరువు, పొలంలో దిగుబడి రెండూ పది శాతానికి పైగా పెరిగాయని 2021లో ప్రచురించారు. అది జన్యుమార్పిడి గోధుమ, మన పొలాలకు చాలా దూరం.

ఇప్పటికి రైతుకు ఏది మేలో ధర చెబుతుంది. 2025-26లో గ్రేడ్ ఎ వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. తెలంగాణలో సన్న వడ్లకు 500 బోనస్ కలిపితే 2,889. అంటే ఎకరాకు 28 క్వింటాళ్ల దొడ్డు వడ్లు, 23 క్వింటాళ్లకు కాస్త పైన సన్న వడ్లు దాదాపు ఒకే డబ్బు. బోనస్ సమయానికి చేతికొస్తుందంటే వానాకాలంలో నా ఓటు ఎక్కువ గింజల సన్నాలకే. యాసంగి ఎండలకు సన్న బియ్యం విరిగిపోతుంది కాబట్టి అప్పుడు ఎంటీయూ 1010 లాంటి బరువు గింజే నయం.

కమల లాంటి రకాన్ని ప్రదర్శన క్షేత్రంలో చూసేటప్పుడు కంకి పొడవు కంటే ముందు కంకిలోని కింది రెమ్మలు చూడాలి. తాలు పోయేది అక్కడే ఎక్కువ.