‘గా’ కనిపిస్తే అడ్వెర్బేనా? ఇంగ్లీషు మాట చేసే పని పట్టుకోవడానికి ఏ దారి మేలు

గుంటూరు, విజయవాడల్లో పోటీ పరీక్షలకు చదివేవాళ్ళకు నౌన్ అంటే పేరు, వెర్బ్ అంటే పని అని బాగానే వచ్చు. ఒకే మాట రెండు మూడు పనులు చేసే చోటే మార్కులు పోతాయి. ‘దే డ్రై ద చిల్లీస్’లో డ్రై వెర్బ్, ‘ద చిల్లీస్ ఆర్ డ్రై’లో అడ్జెక్టివ్, అంటే నౌన్‌ను వర్ణించే మాట. అక్షరం కూడా మారలేదు. అదే తెలుగులోనైతే ఎండబెడతారు, ఎండిన, ఎండు అంటూ రూపమే మారుతుంది.

ఇంగ్లీషూ ఒకప్పుడు అలాగే ఉండేది. పాత ఇంగ్లీషులో ప్రేమకు ‘లుఫు’, ప్రేమించడానికి ‘లుఫియన్’ అనేవారు. తర్వాత చివరి ప్రత్యయాలు అరిగిపోయి రెండూ ‘లవ్’ అయ్యాయి. ప్రత్యయం మోసిన బరువు చాలావరకు వాక్యంలోని చోటు మీద పడింది.

గుర్తుపట్టడానికి మన పిల్లలు వాడే దారులు మూడు: తెలుగు అర్థం, మాట చివర, వాక్యంలో చోటు.

ఎక్కువమంది పట్టుకునేది తెలుగు అర్థాన్నే. ఎక్కువగా దెబ్బతినేదీ దానితోనే. ‘గా’ వస్తే అడ్వెర్బ్ (పని ఎలా జరిగిందో చెప్పే మాట) అని నేర్చుకుంటారు. ‘హి రన్స్ ఫాస్ట్’, వేగంగా పరిగెడతాడు, సరిపోయింది. ‘హి లుక్స్ హ్యాపీ’ అంటే సంతోషంగా కనిపిస్తున్నాడు. ఇక్కడా ‘గా’ ఉంది కాబట్టి అడ్వెర్బ్ అని గుర్తు పెడతారు, లేదా ‘హ్యాపిలీ’ అని దిద్దుతారు. రెండూ తప్పే. హ్యాపీ ఇక్కడ అడ్జెక్టివ్, చూసే తీరును కాదు, మనిషిని వర్ణిస్తోంది. బీ, లుక్, సీమ్, స్మెల్, టేస్ట్, ఫీల్, సౌండ్, బికమ్ అనేవి ఒక వస్తువు ఎలా ఉందో చెప్పినప్పుడు వెనకాల వచ్చేది అడ్జెక్టివే. తెలుగు వాక్యంలో ‘గా’ తర్వాత ఉంది, కనిపించింది, అనిపించింది, మారింది లాంటివి వస్తే అడ్వెర్బ్ అనే ముందు ఆగాలి. పరిగెత్తాడు, రాశాడు, మాట్లాడాడు లాంటి పని వస్తే అడ్వెర్బ్ అనుకోవచ్చు.

అలాగని తెలుగును పక్కన పెట్టేయకూడదు. ‘దట్’ లాంటి చిన్న మాటల దగ్గర దానంత పనికొచ్చేది లేదు. ‘దట్ బస్’ అంటే ఆ బస్సు, డిటర్మినర్, అంటే నౌన్ ముందు నిలిచి ఏదో చూపే మాట (మన పాత పుస్తకాల్లో అడ్జెక్టివ్ అనే ఉంటుంది). ‘దట్ ఈజ్ మై బస్’లో అది, ప్రొనౌన్. ‘ఐ నో దట్ ద బస్ ఈజ్ లేట్’లో అని, కంజంక్షన్. ‘ద బస్ దట్ గోస్ టు గుంటూర్’ అంటే గుంటూరు వెళ్ళే బస్సు, రెలెటివ్ ప్రొనౌన్. ఆ, అది, అని, వెళ్ళే: నాలుగు పనులకు తెలుగు నాలుగు వేర్వేరు రూపాలు ఇస్తోంది.

పొడుగు మాటలకు మాట చివర చూడటం త్వరగా తేలే దారి. షన్, నెస్, మెంట్ ఉంటే దాదాపుగా నౌన్. తేడా వచ్చేది ‘లీ’ దగ్గర. ఫ్రెండ్లీ, కాస్ట్లీ అడ్జెక్టివ్‌లు. ‘లీ’ తీసేసి చూడండి. నౌన్ మిగిలితే (ఫ్రెండ్, కాస్ట్) సాధారణంగా అడ్జెక్టివ్, అడ్జెక్టివ్ మిగిలితే (స్లో, క్విక్) అడ్వెర్బ్. ‘హార్డ్’ను మాత్రం విడిగా గుర్తుపెట్టుకోవాలి. ‘వర్క్స్ హార్డ్’ అంటే కష్టపడతాడు, ‘హార్డ్లీ వర్క్స్’ అంటే పని చేయడనే చెప్పాలి.

ఇక చోటు. మా మొగ్గు దీనివైపే, ఎందుకంటే ఇంగ్లీషు నడిచేదే దాని మీద. ఎ, ద, మై తర్వాత వచ్చి, తన వెనక ఇంకో నౌన్ లేకపోతే నౌన్: ‘ద వాటర్’. కర్త తర్వాతో, కెన్, విల్ తర్వాతో వస్తే వెర్బ్: ‘వియ్ వాటర్ ద ప్లాంట్స్’. ‘ఆఫ్టర్’తో పరీక్షించండి. వెనక కర్త, క్రియ రెండూ ఉంటే కంజంక్షన్: ‘ఆఫ్టర్ హి ఏట్’. నౌన్ గాని, ‘ఇంగ్’ రూపం గాని ఉంటే ప్రిపోజిషన్: ‘ఆఫ్టర్ లంచ్’, ‘ఆఫ్టర్ ఈటింగ్’. ఇక్కడ తెలుగును నమ్ముకుంటే మోసపోతాం, ‘ఆఫ్టర్ హి ఏట్’, ‘ఆఫ్టర్ ఈటింగ్’ రెండింటికీ తిన్న తర్వాత అనేదే వస్తుంది. చోటు తెలిస్తే పలకడమూ కుదురుతుంది. ‘పర్మిట్’ నౌన్ అయితే ఊనిక (ఒత్తి పలకడం) మొదటి భాగం మీద, వెర్బ్ అయితే రెండో దాని మీద. ‘యూస్’ నౌన్, ‘యూజ్’ వెర్బ్, రాత ఒకటే.

కాబట్టి ముందు చోటు చూడండి, మాట పొడుగుదైతే చివర చూడండి, దట్, సిన్స్ లాంటివైతే తెలుగులోకి మార్చి చూడండి.

చోటు కూడా తేల్చనిది ఒకటుంది, ‘బస్ టికెట్’లో బస్. నౌన్ ముందు ఉంది కాబట్టి అడ్జెక్టివ్ అనిపిస్తుంది. కానీ ‘వెరీ బస్’ అనలేం, ‘ద టికెట్ ఈజ్ బస్’ అనలేం. అది నౌనే, అడ్జెక్టివ్ పని చేస్తోందంతే. ఆ పనిలో ఉన్నప్పుడు మామూలుగా బహువచనం తీసుకోదు కాబట్టి ‘టెన్ రూపీస్ నోట్’ తప్పు, ‘టెన్ రూపీ నోట్’ సరైనది.