ఒకేలాంటి రెండు డబ్బాలా, చిన్న బుట్ట–పెద్ద సంచా? వంటింటి చెత్తకు ఏది మేలు

తడి, పొడి వేరు చేయాలన్న సంగతి ఇప్పుడు దాదాపు అందరికీ తెలుసు. హైదరాబాద్‌లో 2015లో మొదలుపెట్టి ఇంటింటికీ తడికి ఆకుపచ్చ, పొడికి నీలం డబ్బాలు పంచారు. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 అక్టోబరు 2న మొదలైన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంలో ఎరుపు కూడా కలిపి మూడేసి ఇచ్చారు. అయినా చాలా ఇళ్లలో పొద్దున బండి వచ్చేసరికి తొక్కల మధ్య పాల ప్యాకెట్లు, కాగితాల మీద టీ పొడి కనిపిస్తూనే ఉంటాయి. దీన్ని బద్ధకం అనేస్తారు. నిజానికి లోపం ఎక్కువగా డబ్బా కొలతలోనూ, దాన్ని పెట్టిన చోటులోనూ ఉంటుంది.

ముందు ఒకే సైజు రెండు డబ్బాల సంగతి. తడి చెత్త బరువెక్కువ, చోటు తక్కువ తీసుకుంటుంది. పొడి చెత్త దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. రోజూ వండుకునే నలుగురి ఇంట్లో ఒక రోజు తొక్కలు, టీ పొడి, కంచాల్లో మిగిలిన మెతుకులు కలిపినా సాధారణంగా 5 లీటర్ల బుట్ట చాలు. పొడి వైపు మాత్రం ఒక్క పార్సిల్ అట్టపెట్టె వస్తే 10 లీటర్ల డబ్బా నిండిపోతుంది. రెండో రోజుకే నీలం డబ్బా పొంగుతుంది, ఆకుపచ్చది సగం ఖాళీగా ఉంటుంది. చేతిలో ఉన్న చిప్స్ కవర్ ఆ ఖాళీలోకే పోతుంది. పైగా రెండింటి ఆకారం ఒకటే, తేడా అల్లా రంగు ఒక్కటే. రాత్రి లైటు వేయకుండా పారేసేవారికి రంగు కనబడదు. ఆకారం వేరైతే చీకట్లో చేతికి కూడా తెలుస్తుంది.

రెండు అరలున్న పెడల్ డబ్బా చూడ్డానికి బాగుంటుంది. తడి చేత్తో మూత ముట్టుకోనక్కర్లేదు, అది మంచిదే. కానీ ఒక్క పెడల్ నొక్కితే రెండు అరలూ ఒకేసారి తెరుచుకుంటాయి కాబట్టి ఏ అరలో పడిందో చూసుకునే అవసరమే రాదు. ఇప్పటికే కొనేసి ఉంటే ఒక చిన్న మార్పు చేయండి: పొడి అర మీద గట్టి ప్లాస్టిక్ పలక బిగించి, అందులో 10 సెంటీమీటర్ల గుండ్రటి రంధ్రం కోయండి. కవర్లు, ప్యాకెట్లు దూరతాయి, దోసెడు తొక్కలు అలా విసిరేయడం కుదరదు, చెయ్యి ఆగుతుంది. పరిశోధకులు డఫీ, వెర్జెస్ 2009లో అచ్చుకెక్కిన అధ్యయనంలో చూసింది ఇదే. సీసాలు, క్యాన్ల కోసం ప్రత్యేకంగా రంధ్రం ఉన్న మూత పెడితే అవి సరైన డబ్బాలో పడటం 34 శాతం పెరిగింది.

అన్నింటికంటే మేలైనది మూడో పద్ధతి: తడికి కూరగాయలు కోసే చోటనే చిన్న బుట్ట, పొడికి కాస్త దూరంగా పెద్ద సంచి. బెంగళూరులో కర్ణాటక హైకోర్టు 2015 డిసెంబరులో తప్పనిసరి చేసిన ‘రెండు డబ్బాలు, ఒక సంచి’ (తడికి ఒక డబ్బా, ప్యాడ్ల వంటివాటికి ఇంకోటి, పొడికి సంచి) పద్ధతికి ఇది దగ్గర.

బుట్ట ఇలా అమర్చండి. 5 లీటర్ల మూత డబ్బాలో చిల్లుల బుట్ట దించండి. అడుగున రెండంగుళాల ఖాళీ ఉండాలి, నీళ్లు అక్కడికి దిగుతాయి. తొక్కలు ఆ నీళ్లలో నానుతూ గాలి ఆడకపోతేనే వాసన పుడుతుంది. బుట్టలో పాత పేపరు రెండు షీట్లు పరవండి, ప్లాస్టిక్ కవరు వద్దు. సాంబారు, పులుసు మిగిలితే జాలీలో వడకట్టి ముక్కలు మాత్రమే వేయండి. టీ పొడిని పిండి వేయండి. కొబ్బరి చిప్పలు త్వరగా కుళ్లవు, ఇంట్లో ఎరువు చేసుకునేవారు వాటిని వేరుగా పెట్టుకోవాలి. బుట్ట ప్రతి రోజూ ఖాళీ కావాలి. సింకు కింద తలుపు వెనక పెడితే మాత్రం ఇదంతా వృథా. తడి చేత్తో తలుపు తీయడం ఎవరికీ ఇష్టం ఉండదు, తొక్కలు గట్టు మీదే ఉండిపోతాయి.

పొడి సంచికి 25 కిలోల బియ్యం సంచి భేషుగ్గా సరిపోతుంది. మేకుకు వేలాడదీస్తే మూతి మూసుకుపోతుంది, అప్పుడు జనం చెత్తను దాని పక్కన పడేస్తారు. పాత బకెట్ అంచు రింగు మీదుగా మూతి మడిచి రెండు కొక్కేలకు తగిలించండి. అట్టపెట్టెలు విప్పి చదును చేసి సంచి వెనక నిలబెట్టండి.

ఈ సంచిని పాడుచేసేది ఎక్కువగా పాల ప్యాకెటే. మూల పూర్తిగా కోస్తే ఆ చిన్న ముక్క తొక్కల్లో కలిసిపోతుంది, ఎరువులోనూ మిగిలిపోతుంది. కాస్త వేలాడేలా కోయండి. కొద్దిగా నీళ్లు పోసి కడిగి, సింకు పైన క్లిప్పుకు తగిలించి, ఆరాకే సంచిలో వేయండి. తడి ప్యాకెట్ ఒక్కటి పడినా లోపలి కాగితాలన్నీ మెత్తబడి పనికిరాకుండా పోతాయి.

ప్యాడ్లు, డైపర్లు వంటింటి దాకా రానక్కర్లేదు. బాత్రూములో మూతున్న చిన్న డబ్బా, పక్కనే పాత పేపర్ల కట్ట ఉంటే చాలు, చుట్టి వేస్తారు. బ్లేడ్లు, సూదులు మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించాలి.

ఒకేలాంటి రెండు డబ్బాలు ఇప్పటికే ఉంటే పారేయొద్దు. గుమ్మం దగ్గర, బండి వచ్చేదాకా చెత్త నిలవ ఉంచడానికి అవి బాగా పనికొస్తాయి.

కొత్త అమరికకు వారం గడిచాక సంచిని పాత పేపర్ల మీద కుమ్మరించి చూడండి. టీ పొడి కనిపిస్తే బుట్ట స్టవ్‌కు దూరమైందని అర్థం. కాగితాలు తడిగా ఉంటే క్లిప్పు లేదు, లేదా చేతికి అందట్లేదు. తడి బుట్టలో చాక్లెట్ కాగితాలుంటే సంచి మూతి పిల్లల ఎత్తుకు మించి ఉంది, కొక్కేలు ఒక అడుగు కిందికి దించండి.