ఓబీడీ బ్లూటూత్ స్కానర్, మార్చిన ఆక్సిజన్ సెన్సర్: చాలాకాలం వాడాక నా సమీక్ష

పెట్రోల్ కారున్న ప్రతి ఇంట్లో, బండి లోపాల కోడ్లు చదివే ఓబీడీ స్కానర్ ఒకటి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. నా దగ్గరున్నది అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దగా ఉండే బ్లూటూత్ రకం, వెయ్యి రూపాయల్లోపే వచ్చింది. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్‌లో గుచ్చి, ఫోన్‌లో యాప్ తెరిస్తే ఇంజిన్ కంప్యూటర్‌కి ఏం కనబడుతోందో మనకీ కనబడుతుంది. దీని విలువ నాకు ఆక్సిజన్ సెన్సర్ దగ్గరే బాగా తెలిసింది. ఇంజిన్ వదిలే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి ఇంజిన్ కంప్యూటర్‌కి చెప్పేది అదే. మాది బీఎస్4 కాలం నాటి హ్యాచ్‌బ్యాక్. ఉప్పల్ నుంచి గచ్చిబౌలికి రోజూ ట్రాఫిక్‌లో నలిగే బండి.

మొదటిసారి చెక్ ఇంజిన్ లైటు వెలిగింది వానల్లో. రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లలోంచి బండి బయటపడిన మర్నాడు. దగ్గర్లోని ఒక గ్యారేజీలో చూపిస్తే, "సెన్సర్ పోయింది సార్, దాంతోపాటు కన్వర్టర్ గూడ మార్చాలె" అన్నారు. పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ అంటే పదివేలు దాటే ఖర్చు. ఇంటికొచ్చి స్కానర్ పెడితే కనిపించింది ఒకటే కోడ్, పీ0135. అంటే ఇంజిన్ దగ్గరున్న ముందు సెన్సర్ హీటర్ సర్క్యూట్‌లో లోపం. కన్వర్టర్ ఊసే లేదు.

ఇక్కడ కాస్త వివరం కావాలి. ఈ సెన్సర్‌లో ఉండేది జిర్కోనియా అనే సిరామిక్. అది దాదాపు 300 డిగ్రీలు వేడెక్కితేగానీ సరైన ఓల్టేజీ ఇవ్వదు. పొగ వేడికోసం ఎదురుచూడకుండా లోపలే చిన్న హీటర్ పెడతారు. నాలుగు వైర్ల సెన్సర్‌లో సాధారణంగా ఒకే రంగులో ఉండే రెండు వైర్లు ఆ హీటర్‌వి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కనెక్టర్ ఊడదీసి, కోఠి గుజరాతీ గల్లీలో కొన్న మామూలు మల్టీమీటర్‌తో ఆ రెండింటి మధ్య కొలిచాను. ఆరు ఓమ్‌ల దగ్గర చూపించింది. హీటర్ తెగిపోయి ఉంటే మీటర్ ఏ అంకే చూపించదు. అంటే హీటర్ బాగానే ఉంది, దాని దాకా కరెంటే రావట్లేదు. వైరు వెంట వేలితో తడుముకుంటూ పోతే, కింద ఒక బ్రాకెట్ అంచుకి రాసుకుని తోలు ఊడి, లోపలి రాగి పచ్చగా చిలుం పట్టి కనిపించింది. ఆటో ఎలక్ట్రీషియన్ ఆ ముక్క కత్తిరించి, కొత్త వైరు టంకం పెట్టి స్లీవ్ తొడిగాడు. అయిన ఖర్చు వందల్లోనే.

అయితే ఒక జాగ్రత్త. ఈ అతుకు బండి వైపు వైరుకి మాత్రమే పనికొస్తుంది. సెన్సర్‌కి పుట్టుకతో వచ్చిన వైర్లకి టంకం పెట్టొద్దు, ఆ కనెక్టర్‌లో గ్రీజు పూయొద్దు. చాలా సెన్సర్లు పొగతో పోల్చి చూసుకోవడానికి కావలసిన బయటి గాలిని ఆ తీగల సందుల్లోంచే లోపలికి తీసుకుంటాయి. దారి మూసుకుపోతే మంచి సెన్సర్ కూడా తప్పు లెక్క చెబుతుంది.

రెండోసారి నిజంగానే సెన్సర్ ముసలిదైంది. మైలేజీ మెల్లగా తగ్గుతూ వచ్చి, ఒకరోజు పీ0133 పడింది. సెన్సర్ స్పందన మందగించిందని దాని అర్థం. కోడ్ చూసి వెంటనే కొనేయకుండా లైవ్ గ్రాఫ్ చూడాలి, ఈ స్కానర్ అసలు ఉపయోగం అదే. ఇంజిన్ బాగా వేడెక్కాక 2500 ఆర్‌పీఎం దగ్గర నిలిపితే, ముందు సెన్సర్ ఓల్టేజీ 0.1 నుంచి 0.9 మధ్య చకచకా ఊగాలి. పెట్రోల్ ఎక్కువైతే పైకి, గాలి ఎక్కువైతే కిందికి. మధ్యగీత 0.45 వోల్టులు. పది సెకన్లలో ఏడెనిమిది సార్లైనా ఆ గీత దాటాలి. నాది బద్ధకంగా పైకెక్కి అక్కడే ఉండిపోయి, తర్వాతెప్పుడో దిగుతోంది.

చవక స్కానర్‌తో ఇక్కడే మోసపోయే ప్రమాదం ఉంది. ఆర్‌పీఎం, టెంపరేచర్, స్పీడు అన్నీ ఒకే స్క్రీన్ మీద పెట్టుకుంటే డేటా ఆగి ఆగి వస్తుంది. అప్పుడు ఆరోగ్యంగా ఉన్న సెన్సర్ కూడా మందకొడిగా కనబడుతుంది. ఓల్టేజీ ఒక్కటే ఉంచి మిగతావన్నీ తీసేసి చూడండి. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ జాయింట్లు కూడా చూడాలి. సెన్సర్‌కి ముందు ఎక్కడైనా లీకుంటే బయటి గాలి లోపలికి వచ్చి, ఇంజిన్‌కి పెట్రోల్ చాలట్లేదని సెన్సర్ చెబుతుంది. ఇంజిన్ కంప్యూటర్ అనవసరంగా ఇంకా పోస్తుంది. నా బండిలో లీకు లేదని తేలాకే సెన్సర్ కోసం రాణిగంజ్ వెళ్లాను.

పాత సెన్సర్ మీది పార్ట్ నంబరు ఫోటో తీసుకెళ్లడం మంచిది. వైర్లు మనమే కలుపుకోవాల్సిన యూనివర్సల్ రకం చవగ్గా దొరుకుతుంది కానీ నేను వద్దనే చెబుతాను. కనెక్టర్‌తో సహా సరిపోయేది తీసుకోండి, నాకు నాలుగైదు వేల మధ్య పడింది. విప్పడానికి 22 ఎంఎం సాకెట్ కావాలి, వైరు బయటికి రావడానికి పక్కన చీలిక ఉన్న రకం. ముందురోజు రాత్రే మర మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచితే, మర్నాడు ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు మెల్లగా కదిలింది. కొత్తదాని మరకి చాలావరకు, మర పట్టేయకుండా కాపాడే యాంటీ సీజ్ పేస్టు పూసే వస్తుంది. అది సెన్సర్ మొనకి అంటకూడదు. ముందు చేత్తోనే తిప్పి ఎక్కించి, దారి సరిగ్గా పడ్డాక పానా పట్టాలి.

కొత్తది బిగించాక గ్రాఫ్ చూసి మనసు కుదుటపడింది. గీత గబగబా పైకీ కిందికీ పరుగెత్తింది. ఇంజిన్ కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచి, తగ్గించి సరిచేస్తోందో చెప్పే ఫ్యూయల్ ట్రిమ్ సున్నాకి దగ్గరగా వచ్చింది, కొన్ని ట్యాంకులు గడిచేసరికి పాత మైలేజీ తిరిగొచ్చింది. అప్పటినుంచి వానలు, ఎండలు ఎన్నో చూసిన ఆ సెన్సర్ ఈనాటికీ అంతే చురుగ్గా ఉంది. బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ వచ్చాక ఫ్యూయల్ ట్రిమ్ నాలుగైదు శాతం పైకి జరిగింది. దానికి టెన్షన్ పడక్కర్లేదు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ఇంజిన్ కంప్యూటర్ కాస్త ఎక్కువ పోసి సరిచేసుకుంటోందన్నమాట.

స్కానర్‌లో నాకు నచ్చనివీ ఉన్నాయి. ఈ స్కానర్లలో వాడే చిప్పు ఈఎల్‌ఎం 327. మార్కెట్‌లో ఆ పేరుతో అమ్మేవాటిలో ఎక్కువ నకలు చిప్పులే. కొన్ని బండితో మాట్లాడవు, కొన్ని మధ్యలో కనెక్షన్ వదిలేస్తాయి. వాపసు తీసుకునే షాపులోనే కొనండి. ఐఫోన్ ఉన్నవాళ్లు మామూలు బ్లూటూత్ రకం కాకుండా వైఫైది గానీ బీఎల్‌ఈ (తక్కువ కరెంటు వాడే బ్లూటూత్) రకం గానీ చూసుకోవాలి. సాకెట్‌కి బ్యాటరీ కరెంటు ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, ఊరెళ్లేటప్పుడు గుచ్చి వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది. ఇంకొకటి, కోడ్ చెరిపే బటన్ నొక్కే ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. లోపం వచ్చిన క్షణంలో ఇంజిన్ ఏ స్థితిలో ఉందో చెప్పే ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలు కూడా కోడ్‌తోపాటే పోతాయి.

నేను చెప్పిన ఓల్టేజీ లెక్కలు పాత రకం జిర్కోనియా సెన్సర్‌వి. కొత్త బండ్లలో చాలావాటికి ముందువైపు, గాలి-పెట్రోల్ పాళ్లు ఎంతో కచ్చితంగా కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ వస్తోంది. దాన్ని యాప్‌లో లాంబ్డా విలువగా, అంటే ఆ పాళ్లు సరైన కొలతకి ఎంత దగ్గరో చెప్పే అంకెగా చూడాలి, 1కి అటూఇటూగా ఉంటే సరైనట్టే.