రియల్ ఎస్టేట్‌లో ఎంబీఏ: రెండేళ్లు చదివిన తర్వాత నా రివ్యూ

హైదరాబాద్ శివార్లలోని ఒక ప్రైవేటు యూనివర్సిటీలో రియల్ ఎస్టేట్ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏ చేసి 2025లో బయటికొచ్చాను. ఇప్పుడు ఒక హోమ్ లోన్ కంపెనీలో ప్రాపర్టీ పేపర్లు చూసే డెస్క్‌లో పని చేస్తున్నాను. మాది సంగారెడ్డి, నాది బీకాం డిగ్రీ. మా వైపు ఎవరింట్లో డిగ్రీ అయిపోయినా వాళ్ల నాన్నో బాబాయో ఫోన్ చేసి, "బిడ్డా, ఆ రియల్ ఎస్టేట్ కోర్సు ఎట్లుంది, మావోణ్ని చేర్పియ్యమంటవా?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పేకంటే అంతా ఒకచోట రాయడం మేలనిపించింది. కాలేజీ పేరు రాయడం లేదు. ఈ కోర్సు పెట్టిన కాలేజీలు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఎక్కడ చేరాలనుకున్నా నేను చెప్పేవి చూసుకోవచ్చు.

ముందు ఖర్చు సంగతి. ఫీజు, హాస్టల్ కలిపి తొమ్మిది లక్షలు దాటింది. ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నాను, కిస్తీలు ఇంకా నడుస్తున్నాయి. అంత డబ్బుకు తగ్గ చదువు దొరికిందా అంటే, కొన్ని పేపర్లలో దొరికింది, కొన్నింటిలో లేదు.

అన్నిటికంటే మంచి పేపర్ మొదటి సెమిస్టర్‌లోనే ఉంది: భూమి చట్టాలు, టైటిల్ (ఆస్తి మీద యాజమాన్య హక్కు) పరిశీలన. చెప్పింది రిటైరైన ఒక సబ్ రిజిస్ట్రార్. ఆయన క్లాసులో స్లైడ్లు ఉండవు. పేర్లు, నంబర్లు కొట్టేసిన పాత దస్తావేజుల జిరాక్స్ కట్ట ఒకటి బల్ల మీద పెట్టి, "ఈ ప్లాటు మీ నాన్న కొంటానంటే కొనమంటారా? గంటలో చెప్పండి" అనేవారు. గంటంతా మేం చదవాలి, ఆయన మాట్లాడరు.

వాటిలో ఒక కట్ట గురించి వివరంగా చెప్పాలి. 200 గజాల ప్లాటు. కొత్త సేల్ డీడ్‌లో ఉత్తరం హద్దు 30 అడుగుల రోడ్డు. దాని వెనకటి లింక్ డాక్యుమెంట్‌లోనూ (అంతకుముందు చేతులు మారినప్పటి దస్తావేజు) అదే. ఈసీలో, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, ఏ తనఖా లేదు. బాగుందని అందరం చెప్పేశాం. సర్ కట్ట అడుగున ఉన్న కాగితం తియ్యమన్నారు. 1980ల నాటి చేతిరాత దస్తావేజు. అప్పటికి అది ప్లాటు కాదు, ఎకరాలూ గుంటల్లో ఉన్న పొలం. ఉత్తరం హద్దు దగ్గర ‘బండ్లబాట’ అని రాసి ఉంది. అప్పుడాయన గ్రామ నక్షా పరిచి, అదే స్కేలుకు తెచ్చిన లేఔట్ ప్లాన్‌ను ట్రేసింగ్ పేపర్ మీద గీసి నక్షా పైన పెట్టారు. లేఔట్‌లోని రోడ్డు తిన్నగా పోతోంది. నక్షాలోని బాట మాత్రం వంకర తిరిగి సరిగ్గా మా ప్లాటు మూలలోంచి పోతోంది. అంటే ఆ 200 గజాల్లో కొంత సర్కారు బాట. ఈసీ ఎన్నేళ్లకు తీసినా ఇది బయటపడదు. రిజిస్టరైన లావాదేవీలే అందులో ఉంటాయి. కోర్టు కేసు, రిజిస్టర్ చేయని అగ్రిమెంటు, నోటిమాటగా జరిగిన పంపకం, ఇవేవీ దాంట్లో కనిపించవు. ఇప్పుడు ఆఫీసులో ఫైల్ తెరిస్తే నేను మొదట చూసేది అడుగున ఉన్న కాగితంలోని హద్దులే.

అదే పేపర్‌లో ఇంకో మంచి అలవాటు చేశారు. భాగపంపకాల దస్తావేజు కనబడితే ముందు ఆడపిల్లల సంతకాలు వెతకాలి. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా కూతుళ్లకు వాటా ఇచ్చే సవరణ దేశమంతటికీ 2005లో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఆ హక్కు ఇచ్చారు. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా కూతురి హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం ఆ సవరణ కదపదు. ఈ నాలుగు తేదీలు తెలియక అన్నదమ్ముల సంతకాలు చూసి ప్లాటు కొన్నవాళ్లు, తర్వాత అక్కచెల్లెళ్లు వేసిన కేసుల్లో ఇరుక్కుంటున్నారు. ఆ క్లాసు అయిన సాయంత్రం హాస్టల్లో అమ్మాయిలు చాలామంది ఇళ్లకు ఫోన్ చేసి తాతల నాటి కాగితాల గురించి అడిగారు. చదువు ఇంటిదాకా పోవడమంటే అదే అని నా అభిప్రాయం. అసైన్డ్ భూముల (పేదలకు సర్కారు ఇచ్చినవి) అమ్మకాలను నిషేధించిన 1977 చట్టం, రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ జాబితా (రిజిస్టర్ చేయకూడని ఆస్తులది) కూడా ఇదే పద్ధతిలో, కాగితాలు చేతిలో పెట్టి చెప్పారు.

రెరా, అంటే ఇళ్లు, ప్లాట్లు కొనేవాళ్ల రక్షణకు వచ్చిన రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, ఆ పేపర్ కూడా బాగుంది. 2016 చట్టం, 2017 మే నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. చెప్పిన మేడమ్ లాయరు, పుస్తకం చదివించడం కంటే కొలతల మీద ఆమెకు ఎక్కువ నమ్మకం. క్యాంపస్ దగ్గర పూర్తయిన ఒక అపార్ట్‌మెంట్‌కు తీసుకెళ్లి టేపులు చేతికిచ్చారు. బ్రోచర్‌లో 1,650 చదరపు అడుగులున్న ఫ్లాట్‌కు మేం కొలిచిన కార్పెట్ ఏరియా 1,150 చిల్లర వచ్చింది. మిగతాది బయటి గోడలు, బాల్కనీలు, మెట్లు, లిఫ్టు, కారిడార్ల వాటా. లోపలి గోడల మందం కార్పెట్ ఏరియాలోకి వస్తుంది, బాల్కనీ రాదు. ఇది పుస్తకంలో చదివితే మర్నాటికి మర్చిపోతాం, టేపు పట్టుకొని గోడ వెంబడి నడిస్తే మర్చిపోం. కొనేవాళ్ల దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలని, అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని, అప్పగించాక అయిదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే బాగుచేయాలని అక్కడే ఒక్కొక్కటీ వివరించారు. హైదరాబాద్‌లో ప్రీ లాంచ్ పేరుతో రెరా నంబర్ రాకముందే డబ్బు కట్టించుకునే స్కీముల గురించి ఆమె మొహమాటం లేకుండా మాట్లాడారు. రిజిస్ట్రేషన్ అవసరమైన ప్రాజెక్టుకు నంబర్ లేకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు. దానికి ప్రాజెక్టు ఖర్చులో 10 శాతం దాకా జరిమానా ఉంది. మా బంధువుల్లోనే ఇద్దరు అట్లాంటి స్కీముల్లో డబ్బు పెట్టి ఇంకా తిరుగుతున్నారు. ఆ క్లాసు వాళ్లు విని ఉంటే ఎంత బాగుండేదో!

ఫైనాన్స్ దగ్గరికొచ్చేసరికి బండి దారి తప్పింది. పుస్తకం అమెరికాది. అక్కడి పన్నులు, అక్కడి తాకట్టు పద్ధతులు, అక్కడ ఇల్లు కొనేవాళ్లలో చాలామంది తీసుకునే టైటిల్ ఇన్సూరెన్స్ (యాజమాన్య హక్కులో లోపం బయటపడితే నష్టం భరించే బీమా). మన దగ్గర ఆ ఇన్సూరెన్స్ తీసుకున్న కొనుగోలుదారు నాకు ఒక్కరూ ఎదురు కాలేదు. సెమిస్టర్ మధ్యలో లెక్చరర్ మానేస్తే ఇంకొకరు వచ్చి మళ్లీ మొదటి చాప్టర్ నుంచి మొదలుపెట్టారు. నాకు అన్నిటికంటే బాధనిపించింది డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ గురించి ఒక్క పూర్తి క్లాసు కూడా లేకపోవడం. హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో స్థలం యజమాని భూమి ఇచ్చి, బిల్డరు కట్టి, ఫ్లాట్లు పంచుకునే పద్ధతి ఎంత మామూలో అందరికీ తెలుసు. వాటా ఎంతుండాలి, గుడ్‌విల్ (బిల్డరు యజమానికి ముందుగా ఇచ్చే డబ్బు) ఎంత, గడువు దాటితే అద్దె ఎవరు కట్టాలి, జీపీఏ (మన తరఫున సంతకాలు పెట్టే అధికార పత్రం) ఎంతవరకు ఇవ్వాలి, ఇవి నేర్పకుండా రియల్ ఎస్టేట్ డిగ్రీ ఇవ్వడం నాకు సరిగ్గా అనిపించలేదు. ఆ అగ్రిమెంట్లు చదవడం నేను ఉద్యోగంలోనే నేర్చుకున్నాను.

ఫైనాన్స్‌లో పనికొచ్చింది అద్దె రాబడి లెక్క. 80 లక్షల ఫ్లాట్‌కు నెలకు 22 వేల అద్దె వస్తే ఏడాదికి 2.64 లక్షలు. ఒక నెల ఖాళీగా ఉందనుకుని, ఇంటి పన్ను, రిపేర్లు తీసేస్తే చేతికి 2.2 లక్షలు. పెట్టుబడి మీద మూడు శాతం కూడా కాదు. లోన్ వడ్డీ అంతకు రెండు మూడు రెట్లు. అద్దెతో కిస్తీ తీరిపోతుందని చెప్పి అమ్మేవాళ్ల ముందు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాలి. రీట్‌ల (అద్దెలొచ్చే భవనాల్లో చాలామంది కలిసి పెట్టుబడి పెట్టే ట్రస్టులు) చాప్టర్ కూడా ఓపికగా చెప్పారు. దేశంలో మొదటి రీట్ ఎంబసీ ఆఫీస్ పార్క్స్ 2019లో లిస్టయింది. మన మాదాపూర్ మైండ్‌స్పేస్ భవనాలు ఇంకో రీట్‌లో ఉన్నాయి. లీజులు, ఖాళీ శాతం, మెయింటెనెన్స్ ఎలా చూస్తారో పెద్ద ఆఫీసు భవనం ఒకదానికి తీసుకెళ్లి చూపించారు.

వాల్యుయేషన్ గురించి చేరబోయేవాళ్లు జాగ్రత్తగా వినాలి. మా కాలేజీ బ్రోచర్‌లో ‘రిజిస్టర్డ్ వాల్యూయర్ (ఆస్తుల విలువ కట్టే గుర్తింపు ఉన్నవాళ్లు) కావచ్చు’ అని ఉంది. కంపెనీల చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం భూమి, భవనాల విభాగంలో వాల్యూయర్ కావడానికి సివిల్ ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్, టౌన్ ప్లానింగ్ లాంటి చదువు, దాంతోపాటు అనుభవం అడుగుతారు. బీకాం మీద ఈ ఎంబీఏ చేస్తే ఆ దారి తెరుచుకోదు. మా బ్యాచ్‌లో ఆ ఒక్క లైను చూసి చేరిన అబ్బాయి ఉన్నాడు. వరంగల్ వాళ్లు, రెండెకరాలు కుదువపెట్టి పంపించారు. మూడో సెమిస్టర్‌లో సంగతి తెలిసి వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. బ్రోచర్‌లో ఆ లైను పక్కన అర్హత ఏమిటో ఇంకో లైను రాయడానికి ఏమైంది? ఇది కాలేజీ కచ్చితంగా సరిచేయాలి. సివిల్ చదివిన పిల్లలకైతే ఈ కోర్సు బాగా కలిసొస్తుంది. మా క్లాసులో అందరికంటే మంచి ఉద్యోగాలు వచ్చింది వాళ్లకే.

తెలంగాణ భూముల రికార్డులకు ధరణి స్థానంలో భూభారతి మేం చదువుతుండగానే వచ్చింది. 2025 ఏప్రిల్‌లో పోర్టల్ మొదలైంది. సిలబస్ మారలేదు, పరీక్షలో ధరణి గురించే అడిగారు. సబ్ రిజిస్ట్రార్ సర్ మాత్రం తన టైమింగ్స్ కాకపోయినా ఆదివారం వచ్చి కొత్త చట్టంలో ఏం మారిందో చెప్పి వెళ్లారు. ఆంధ్రా నుంచి వచ్చిన పిల్లలకు ఇంకో ఇబ్బంది. మీభూమి (అక్కడి భూముల రికార్డుల పోర్టల్), అడంగల్ (అక్కడి సాగు రికార్డు), సెంట్ల లెక్క, రీసర్వే, ఇవన్నీ వాళ్లే సొంతంగా చదువుకోవాల్సి వచ్చింది. రెండు రాష్ట్రాల పిల్లలు చేరే కోర్సులో రెండు రాష్ట్రాల రికార్డులూ చెప్పాలి కదా.

ఇంటర్న్‌షిప్ రెండు నెలలు. నన్ను ఒక బిల్డర్ ఆఫీసులో కస్టమర్ల డెస్క్‌లో వేశారు. పొజెషన్ (ఫ్లాట్ అప్పగింత) లేటైనవాళ్ల ఫోన్లు ఎత్తడమే పని. ఒక పెద్దాయన ప్రతి సోమవారం చేసేవారు. రిటైర్మెంట్ డబ్బు మొత్తం పెట్టానని, అద్దె, కిస్తీ రెండూ కడుతున్నానని చెప్పేవారు. నా దగ్గర ఆయనకు చెప్పడానికి తేదీ ఉండేది కాదు. పై ఆఫీసు ఇచ్చేది కాదు. ఈ రంగంలో పనిచేసే ప్రతివాళ్లూ ముందు ఆ కుర్చీలో కొన్నాళ్లు కూర్చోవాలని అప్పుడే అనుకున్నాను.

ప్లేస్‌మెంట్స్‌కు వచ్చిన ఉద్యోగాల్లో ఎక్కువ సేల్స్. తక్కువ జీతం, టార్గెట్, ఇన్సెంటివ్. మాట్లాడటం ఇష్టమున్నవాళ్లు అందులో బాగానే సంపాదిస్తున్నారు. కానీ ప్లాట్లు అమ్మే ఏజెంట్‌కు రెరాలో రిజిస్ట్రేషన్ కావాలి తప్ప డిగ్రీ అక్కర్లేదు. అదే పనికైతే తొమ్మిది లక్షలు పెట్టొద్దని తల్లిదండ్రులకు గట్టిగా చెబుతాను. లీగల్ డెస్క్, లీజింగ్, ప్రాజెక్ట్ ఫైనాన్స్ వైపు ఉద్యోగాలు క్యాంపస్‌కు రావు, మనమే వెతుక్కోవాలి. నాది కూడా అట్లా వెతికితే దొరికిందే. యూకేలో రియల్ ఎస్టేట్ మాస్టర్స్‌కు పోదామనుకునేవాళ్లు ముందు ఆ కోర్సుకు ఆర్‌ఐసీఎస్ గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. 1868 నుంచి ఉన్న చార్టర్డ్ సర్వేయర్ల సంస్థ అది. అక్కడ సర్వేయర్‌గా నిలదొక్కుకోవాలంటే ఆ గుర్తింపుకు విలువుంటుంది.

చేరేముందు అడ్మిషన్ ఆఫీసులో కాకుండా రెండో ఏడాది పిల్లలను కలిసి అడగాలి. టైటిల్ పేపర్ ఎవరు చెబుతున్నారు, నిజమైన దస్తావేజులు చేతికిస్తారా? డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ సిలబస్‌లో ఉందా? పోయిన ఏడాది ఎంతమంది సేల్స్‌లోకి, ఎంతమంది మిగతా పనుల్లోకి వెళ్లారు? బీకాం, బీఏ పిల్లలకు ఏ దారులు మూసుకుంటాయి? వీటికి జవాబులు దొరికాకే ఫీజు కట్టండి.

నా రేటింగ్ అయిదుకు మూడున్నర. టైటిల్, రెరా పేపర్లకే అయితే అయిదుకు అయిదు ఇస్తాను. మా కాలేజీలో టైటిల్ పేపర్‌ను ఈ ఏడాది నుంచి ఎలక్టివ్ చేశారని జూనియర్లు చెప్పారు, సీట్లు ముప్పయ్యేనట. అక్కడ చేరేవాళ్లు ఓరియెంటేషన్ రోజే పేరు రాయించుకోండి.