బీఎంఐ లెక్కనా, నడుం టేపా?

మొన్న హన్మకొండల చెవి నొప్పని ఓ క్లినిక్‌కి పోతే డాక్టర్ని చూడకముందే బరువు మిషిన్ ఎక్కించిన్రు, అక్కడున్నామె అందరికి వినపడేటట్టు "66 కిలోలా, జర తిండి తగ్గించున్రి అక్కా" అన్నది, చెవికి దీనికి ఏం సంబంధమో నాకైతే సమజ్ కాలే.

నా ఎత్తు 160 సెంటీమీటర్లు, బీఎంఐ (కిలోల బరువును మీటర్ల ఎత్తుతోని రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 25.8. డబ్ల్యూహెచ్‌వో మామూలు లెక్కల ఇది ఓవర్‌వెయిట్ అంతే, 30 దాటితేనే ఒబేసిటీ, మన దేశంల డాక్టర్లు ఎక్కువగ చూసే లెక్కల మాత్రం 25కే ఒబేసిటీ. అంటే శంషాబాద్‌ల ఫ్లైట్ ఎక్కి వేరే దేశం పోతే నా రోగం తగ్గినట్టే! కారణం లేకపోలేదు, మనోళ్లకు తక్కువ బరువుకే పొట్టల కొవ్వు చేరి షుగర్ వస్తది.

గా పొట్టనే బీఎంఐకి కనపడదు. మా తమ్మునికి 22.3, నార్మల్, కానీ నడుం 96 సెంటీమీటర్లు, షుగర్ గోలీలు మింగుతుండు. మనకు మగోళ్లకు 90, ఆడోళ్లకు 80 దాటొద్దంటరు, లేదంటే ఎత్తుల సగం లోపు ఉండాలె. టేపు ప్యాంటు బెల్టు కాడ కాదు, కింది పక్కటెముకకు తుంటి ఎముకకు నడుమ, ఊపిరి వదిలినంక పెట్టాలె, పొట్ట లోపటికి గుంజితే మోసమే.

బీఎంఐ తీసుడు అల్కగనే ఉంటది, కానీ 1830లల్ల క్వెట్లె అనే బెల్జియం లెక్కలాయన జనాల సగటు కోసం తీసిన సూత్రమది, రోగం పట్టనీకె కాదు. 2025ల లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ గూడ బీఎంఐ ఒక్కటే చూడొద్దు, నడుం గూడ కొలువున్రి అన్నది. నేనైతే టేపుకే ఓటేస్త, ఇంట్ల కొలుసుకుంటె వినేటోళ్లు గూడ ఉండరు.