రేణిగుంట రోడ్డులో కారు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్: పని బాగుంది, జాబ్ కార్డే బాలేదు

తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపున్న ఈ సర్వీస్ సెంటర్ పేరు రాయడం లేదు కానీ, పనితనానికి మాత్రం వంక పెట్టలేం. ల్యాప్‌టాప్ తగిలించే ముందే బానెట్ ఎత్తి బ్యాటరీకి కరెంటు అందిస్తూ ఉండే సపోర్ట్ యూనిట్ క్లిప్పులు పెడతారు. చాలాచోట్ల ఎగ్గొట్టేది ఇదే. ఈసీయూను (బండిలోని కంట్రోల్ కంప్యూటర్‌ను) ఫ్లాష్ చేసేది, అంటే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించేది, ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి. పాత బ్యాటరీ అయితే అరగంటలోనే డీలా పడుతుంది. మధ్యలో వోల్టేజ్ పడిపోతే ఫైలు సగమే ఎక్కి ఈసీయూ మొరాయిస్తుంది. స్క్రీను, ఫ్యాను, మాడ్యూళ్లు (ఒక్కో పని చూసే చిన్న కంప్యూటర్లు) కలిసి లాగే కరెంటుకు 5 ఆంప్స్ ఛార్జర్ ఆనదు. ఇక్కడ ఏసీ, లైట్లు ఆపేసి, మీటర్ 13 వోల్టుల పైన నిలిచాకే మొదలుపెడతారు.

చిరాకంతా చేసిన పని రాసిచ్చే జాబ్ కార్డ్ దగ్గరే. 'సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ డన్' అని ఒక్క ముక్క. దేనికి చేశారు? పాటలు, మ్యాపులు నడిపే హెడ్ యూనిట్‌కా, సిమ్‌తో బండిని నెట్‌కు కలిపే టెలిమాటిక్స్ యూనిట్‌కా, బ్రేకుల ఈసీయూకా? అడిగితే 'పాటల డబ్బాదే సార్, అదేమంత అర్జెంటు కాదు' అంటారు. ఆ మాట చెల్లదు. 2015లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు జీప్ చెరోకీలోకి ఇంటర్నెట్ మీదుగా దూరింది ఆ పాటల డబ్బాలోంచే. అక్కణ్నుంచి బండిలోని కంప్యూటర్లన్నీ మాట్లాడుకునే వైరింగ్ లైను, క్యాన్ బస్ దాకా పోయి, హైవే మీద బండిని నెమ్మదింపజేశారు. కంపెనీ 14 లక్షల వాహనాలను రీకాల్ చేసి, ప్యాచ్ ఉన్న యూఎస్‌బీ డ్రైవ్‌లు పోస్టులో పంపాల్సి వచ్చింది.

అందుకే బండి అప్పగించే ముందు సెట్టింగ్స్‌లో వెర్షన్ కనిపించే పేజీ ఫోటో తీసుకోండి, తెచ్చుకునేటప్పుడు ఇంకోటి. ఏ మాడ్యూల్‌కు వేశారో, పాత నంబరు, కొత్త నంబరు బిల్లు మీద రాయమంటే రాస్తున్నారు. అడగాలంతే.

ఓటీఏలో, అంటే నెట్ ద్వారా నేరుగా బండికే, వచ్చే అప్‌డేట్లకు సెంటర్‌కు పోనక్కర్లేదు. సెల్లార్‌లో సిగ్నల్ లేక డౌన్‌లోడ్ ఆగినా కంగారు లేదు, బయటికి తీస్తే అందుకుంటుంది. ఇన్‌స్టాల్ నొక్కితే మాత్రం అయ్యేదాకా చాలా మోడళ్లలో బండి కదలదు. తెల్లారగట్ల దర్శనం టైముకు కొండెక్కాల్సిన రోజున దాని జోలికి పోకండి.

కొండకు తిప్పే ట్యాక్సీల్లో బ్లూటూత్ లిస్టు తెరిస్తే ఎక్కడెక్కడి భక్తుల ఫోన్ల పేర్లు ఉంటాయి, కొన్నిటి కాంటాక్టులతో సహా. అడిగితే ఈ సెంటర్‌లో అవన్నీ చెరిపేసే ఫ్యాక్టరీ రీసెట్ డబ్బు తీసుకోకుండానే చేసిస్తున్నారు. సెకండ్ హ్యాండ్ బండికి అదొక్కటే సరిపోదు. పాత ఓనర్ తన యాప్ అకౌంట్ నుంచి కారును తీసేయకపోతే, బండి ఎక్కడుందో ఆయన ఫోన్‌లో కనిపిస్తూనే ఉండొచ్చు. ఆ సంగతి డెలివరీ కౌంటర్‌లో ఎవరూ చెప్పడం లేదు.